ముప్పై పౌన్ల లీడర్

"ఈ బెజవాడలో నేరం చేయదలచుకున్నవాడు ఎవడైనా సరే, కత్తి నూరుకునే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి మరియదాసూ! సత్యనారాయణపురంలో నేనున్నాను!"

అచ్యుతరామారావుగారు ఈ ప్రకటన ఒక గురువారం ఉదయం మా గుమ్మంలో నిలబడి చేశారు. నోట్లో టూత్ బ్రష్ ఉండడంవల్ల ప్రకటనతో పాటు కొంత నురగ కూడా మా తలుపు మీద పడింది.

ఆయన రిటైరైన చరిత్ర లెక్చరర్. ముప్పై ఏళ్లు జరిగిపోయిన యుద్ధాల గురించి చెప్పి చెప్పి విసిగి, ఇప్పుడు జరగబోయే నేరాల మీద పడ్డారు. విజిటింగ్ కార్డు కూడా వేయించారు: 'అచ్యుతరామారావు, ఎం.ఏ., అపరాధ పరిశోధకుడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు నేరాలు స్వీకరించబడవు.' అది ఆయన నిద్రపోయే వేళ.

ఆయనుండే అపార్ట్‌మెంట్లోనే నేను రెండో అంతస్తులో ఉంటాను. ఎయిడెడ్ స్కూల్లో లెక్కల మాస్టారిని. నాకు స్కూటర్ ఉంది, ఆయనకు లేదు. మా స్నేహానికి పునాది అదే.

అంతకుముందు ఆయన ఛేదించిన కేసు ఒక్కటే. మా బిల్డింగులో పాల ప్యాకెట్లు మాయమవుతుంటే, చెప్పుల అరుగుదలను బట్టి దొంగ వాచ్‌మనేనని నిరూపించారు. అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్‌ని పంపేశారు. వారం తిరక్కుండా ప్యాకెట్లు అచ్యుతరామారావుగారి ఫ్రిజ్‌లోనే దొరికాయి. వాకింగ్ నుంచి వస్తూ మతిమరుపులో ఎవరి గుమ్మంలోది వాళ్లకు ఉంచకుండా పట్టుకుపోయేది ఆయనే. ప్యాకెట్లయితే దొరికాయి గానీ, వాచ్‌మన్ మళ్లీ దొరకలేదు. ఆ సంగతి ఎవరూ ఆయన ముఖాన అనలేదు. నేనూ అనలేదు.

"ఇంతకీ ఏమైందండీ?" అన్నాను తలుపు తుడుస్తూ.

"హత్య! ఇంకా జరగలేదు. ఆదివారం జరుగుతుంది." ఆయన లోపలికొచ్చి, నా కాఫీ తీసుకుని, గొంతు తగ్గించారు. "నాలుగో అంతస్తు శరత్‌చంద్ర తెలుసు కదా? బ్యాంకు ఉద్యోగి. చీమకి కూడా దారిచ్చే రకం. ఇందాక డాబా మీద పళ్లు తోముకుంటూ ట్యాంకు వెనక నిలబడ్డాను. అటువైపు నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ప్రతి అక్షరం రాసుకున్నాను. విను."

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చదివారు.

"'హెలెన్ గారూ, పోయినసారి లీడర్ సన్నం. అందుకే పెద్దాయన తప్పించుకున్నాడు. ఈసారి లీడర్‌ని గట్టిగా ముడేద్దాం. రాడ్ సరిపోతుంది. రీలే మార్చాలి, బెయిల్ సరిగా పడట్లేదు. డ్రాగ్ సంగతి నేను చూసుకుంటా. ముందు కప్పని పంపిద్దాం, పెద్దాయన దానికోసం బయటికొస్తాడు. ఆదివారం ఉదయం, పామర్రు దాటాక కాలవ మలుపు దగ్గర. మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకండి.' అర్థమైందా?"

"లేదండీ."

"అందుకే నువ్వు లెక్కల మాస్టారివి, నేను పరిశోధకుణ్ణి. లీడర్ అంటే నాయకుడు. పెద్దాయన అన్నా ఆయనే. తాళ్లతో కట్టేసి రాడ్డుతో కొడతారు. దాన్ని రీలు తీసి జనం మీదికి వదులుతారు. ముఠాలో ఒకడికి బెయిల్ రావట్లేదు. డ్రాగ్ అంటే డ్రగ్గు. బ్యాంకువాడు కదా, వడ్డీ వేసినట్టే దీర్ఘం కూడా వేశాడు."

"మరి కప్ప?"

ఆయన ముఖం గంభీరమైంది. "కిరాయి హంతకుడు. బురదలోనూ గట్టు మీదా సమానంగా పనిచేస్తాడన్నమాట."

"చేపల గురించేమోనండీ," అన్నాను. "రాడ్, రీలు అంటున్నాడు, కాలవ దగ్గరంటున్నాడు."

"శరత్‌చంద్ర వెల్లుల్లి కూడా తినడు. వాళ్లావిడ శాంభవి గుడ్డు తిన్నవాళ్లింట్లో మంచినీళ్లు ముట్టదు. చేపలట, చేపలు! స్కూటర్ తాళం తియ్యి."

ఆదివారం పామర్రులో ఉండబోయే లీడర్ ఎవరా అని వెతకడానికి మాకు పావుగంట కూడా పట్టలేదు. వీధి మలుపులో ఫ్లెక్సీ వేలాడుతోంది: 'ఆదివారం పామర్రులో మినరల్ వాటర్ ప్లాంటు ప్రారంభించనున్న మన లక్ష్మీకాంతన్న'. లక్ష్మీకాంత్ గారు మా డివిజన్‌లో రెండుసార్లు కార్పొరేటర్‌గా నిలబడి రెండుసార్లూ ఓడి కూర్చున్నారు. ప్రస్తుతం ఒక పార్టీలో ఏదో సెల్లుకి అధ్యక్షులు. ఆ సెల్లులో ఎవరున్నారో, అసలు ఛార్జింగ్ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

మేం వెళ్లేసరికి ఆయన హాల్లో ఒంటరిగా కూర్చుని సొంత వీడియో చూసుకుంటున్నారు.

"మీ ప్రాణాలకు ముప్పుందండీ," అన్నారు అచ్యుతరామారావుగారు ఉపోద్ఘాతం లేకుండా.

లక్ష్మీకాంత్ గారి చేతిలో ఫోను జారింది. "నాకా?"

"మీకే."

"నిజంగా నాకేనా? ఇంకెవరినైనా అనుకుని పొరపాటున కాదు కదా?"

"పెద్దాయన అన్నారండీ. లీడర్ అన్నారు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భయమనుకున్నాను. కాదు. పదో తరగతి తప్పుతాడనుకున్న పిల్లాడికి ఫస్ట్ క్లాసు వచ్చినప్పుడు తండ్రి ముఖం ఎలా వెలుగుతుందో అలా వెలిగింది ఆ ముఖం.

"ఏమేవ్! విన్నావా? నన్ను చంపుతారట!"

వంటింట్లోంచి ఆవిడ గొంతు వినబడింది. "మిమ్మల్నా? ఎందుకండీ?"

ఎకసక్కెం ఏమీ లేదు. పాపం, నిజంగానే అర్థంకాక అడిగింది.

మాకు టీ వచ్చింది, జీడిపప్పు బిస్కెట్లు వచ్చాయి. ఆ సాయంత్రానికే వాట్సాప్‌లో వార్త వచ్చింది: 'ప్రజానాయకుడి హత్యకు కుట్ర'. మర్నాటికి గన్‌మెన్ కావాలని అర్జీ వెళ్లింది. పోలీసులు ఇద్దరు గన్‌మెన్‌లకు బదులు, ఆదివారం పామర్రు వైపు ఒక ఎస్సైని, ఒక కానిస్టేబుల్‌ని పంపుతామన్నారు.

"ఇక మనం మారువేషం వెయ్యాలి," అన్నారు అచ్యుతరామారావుగారు. "కాలవగట్టున అనుమానం రాకుండా నిలబడగలిగేవాడు ఒక్కడే. చేపలు పట్టేవాడు."

శుక్రవారం వన్ టౌన్ వెళ్లాం. తోపుడుబళ్ల మధ్య స్కూటర్ నడిపించుకుంటూ, సందులో సందు తిరిగి, వలలూ గాలాలూ అమ్మే రత్తయ్యగారి కొట్టు పట్టుకున్నాం. రత్తయ్య డెబ్భై ఏళ్ల మనిషి. ఎత్తు స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాల పైనుంచి మమ్మల్ని చూశాడు.

"ఏం చేప కోసం బాబూ?"

"అది రహస్యం," అన్నారు అచ్యుతరామారావుగారు.

"చేపకి కూడా చెప్పరా?" అని రత్తయ్య లేచాడు. "కాలవకా, చెరువుకా, సముద్రానికా? ఎక్కడికో చెబితే దానికి తగ్గట్టు ఇస్తాను. ఇది స్పిన్నింగ్ రీలు, కొత్తవాళ్లకి ఇదే తేలిక."

"స్పిన్నింగ్ అంటే నూలు మిల్లు కదయ్యా?"

"నూలు వడికే ఓపికుంటే ఇదీ వచ్చేస్తుందండి."

రత్తయ్య బల్ల మీద రెండు రీళ్లు పెట్టాడు. ఒకటి నల్లటిది, నిరాడంబరంగా ఉంది. రెండోది బంగారు రంగు, పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. డబ్బా మీద 'పద్నాలుగు బేరింగులు' అని రాసుంది.

"ఈ నల్లది తీసుకోండి," అన్నాడు రత్తయ్య. "తిప్పి చూడండి, ఇసక నలిగిన చప్పుడు రాదు. హ్యాండిల్ ఊగదు. ధర కూడా పెద్ద తేడా లేదు."

"బంగారు రంగుది పద్నాలుగు బేరింగులంటున్నాడుగా?"

"ఆ పద్నాలుగూ డబ్బా మీదే ఉంటాయి బాబూ. లోపల మూడుంటే గొప్ప."

అచ్యుతరామారావుగారు చిరునవ్వు నవ్వారు, వ్యాపారస్తుల ఎత్తులన్నీ తెలిసినవాడిలా. బంగారు రంగుదే తీసుకున్నారు. దానికి తోడు, ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే మడతల రాడ్. లాగితే ఆరడుగులు, మూస్తే మూరెడు.

"మరి లీడర్ కావాలా?" అన్నాడు రత్తయ్య. "ఇరవై పౌన్లదా, ముప్పై పౌన్లదా?"

అచ్యుతరామారావుగారి ముఖం పాలిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగారు.

"విన్నావా? పౌన్లు! లండన్ డబ్బు! ఒక లీడర్ ఖరీదు ముప్పై పౌన్లు!"

"అంత చవకా అండీ?"

"లక్ష్మీకాంత్ గారికి అంతకంటే ఎవడిస్తాడు?" అన్నారాయన. ఆయన పరిశోధనలో నాకు నచ్చిన ఒకే ఒక్క మాట అది.

ఆ సాయంత్రం డాబా మీద సాధన మొదలైంది. అచ్యుతరామారావుగారు రాడ్‌ని రెండు చేతులా ఎత్తి, వెనక్కి ఊపి, ముందుకు విసిరారు. రాడ్ చివరి రెండు మడతలూ విరిగి, దారంతో సహా పక్క బిల్డింగులో ఆరేసిన చీర మీద వాలాయి. రెండోసారి విసిరితే రీలు మీది దారమంతా ఒకేసారి లేచి, పిచ్చుక గూడులా ఉండచుట్టుకుంది. మూడోసారి రీలు హ్యాండిల్ చేతిలోకి వచ్చింది. బంగారు రంగు వేళ్లకంటింది.

"శత్రువులు నా ఆయుధాన్ని ముందే పాడుచేశారు," అన్నారాయన.

శనివారం మళ్లీ రత్తయ్య కొట్టు. ఈసారి ఆయన బయటే ఆగారు. కొట్టులో ముఠా ఉంది కాబట్టి తోపుడుబండి చాటునుంచి నిఘా వేస్తారట. నేనొక్కణ్ణే లోపలికి వెళ్లి విరిగినవాటిని బల్లమీద పెట్టాను.

రత్తయ్య నవ్వలేదు. అలవాటైన దృశ్యమనుకుంటాను. "అందరూ తిరగేసి చేస్తారు మాస్టారూ. మెరిసే రీలు కొంటారు, పొడుగు రాడ్ కొంటారు, దారం మాత్రం డబ్బాలో వచ్చిందే ఉంచుతారు. చేప పోయేది దారం తెగే గానీ, రీలు పగిలి కాదు. ఉన్నంతలో బాగుచేసుకోవాలంటే ముందు దారం మార్చాలి. తర్వాత ఊగని రీలు. రాడ్ ఆఖర్న." నల్ల రీలుకి సన్నటి అల్లిక దారం చుట్టడం మొదలుపెట్టాడు. "ఇదిగో, ఈ వంగిన తీగ ఉందే, దీన్ని బెయిల్ అంటారు. విసిరేముందు తెరవాలి, విసిరాక మూసెయ్యాలి. ఈ ముందున్న మరని డ్రాగ్ అంటారు. చేప గట్టిగా లాగితే దారం తెగకుండా ఇది కాస్త వదుల్తుంది."

ఇవన్నీ నోటుబుక్కులో విన్న మాటలే. "మరి లీడర్ అంటే?"

ఒక చుట్ట తీసి, అందులోంచి జానెడు లాగి వెలుతురుకి పట్టాడు. గాజులా ఉంది, పారదర్శకంగా. "ఇదే. అల్లిక దారం చివర మూరెడు కడతారు. చేప పళ్లకి తెగకుండా, నీళ్లలో కనబడకుండా. ముప్పై పౌన్లంటే అంత బరువు ఓపుతుందని."

"కప్ప?"

రబ్బరు కప్పను బల్లమీద పెట్టాడు. పొట్ట కింద రెండు కొక్కేలున్నాయి. "కొర్రమీను దీనికోసం బయటికొస్తుంది. మీ సత్యనారాయణపురం నుంచే ఒక బ్యాంకు సారొస్తారు. ఏడాదిలో మూడు రీళ్లు మార్చారు పాపం. చేప మాత్రం పడలేదు. పామర్రు కాలవలో ఏదో పెద్ద కొర్రమీనుందట. దానికి 'పెద్దాయన' అని పేరు కూడా పెట్టుకున్నారు."

బయటికొచ్చి అంతా చెప్పాను. జానెడు లీడర్ ముక్కను కూడా చూపించాను. అచ్యుతరామారావుగారు దాన్ని భూతద్దంతో చూసి, నావైపు జాలిగా చూశారు.

"నిన్ను గాలానికి గుచ్చేశారు మరియదాసూ. ఇది నిన్ను దారి తప్పించడానికి ఇచ్చిన దారం."

ఆయన్ని వదిలేసి లక్ష్మీకాంత్ గారింటికి వెళ్లాను. ఈసారి హాలు నిండా మనుషులున్నారు. దండలు, పరామర్శలు. పక్కకి పిలిచి నిజం చెప్పాను. ఆయన మెడలోని దండ ఒకసారి తడుముకున్నారు.

"మాస్టారూ, పొద్దున మా పార్టీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి. 'జాగ్రత్తగా ఉండండి' అన్నారు. ఫ్లెక్సీలు కూడా ప్రింటుకిచ్చేశాం." నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆదివారం దాకా ఎవరితో అనకండి. ఆ తర్వాత చేపలైనా పరవాలేదు."

నేనెవరితోనూ అనలేదు. శరత్‌చంద్ర ఇంటికి రెండు అంతస్తులు ఎక్కితే చాలు. ఎక్కలేదు. ఆయన రహస్యం వాళ్లావిడ ముందు బయటపడుతుందేమో అనుకున్నాను, మనకెందుకులే అనుకున్నాను, భోంచేసి పడుకున్నాను.

ఆదివారం ఉదయం ఉయ్యూరు మీదుగా పామర్రు దాటి, కాలవ మలుపు చేరాం. గట్టుకి రెండువైపులా వరి. నీళ్ల మీద సగం వరకు గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. యాభై గజాల అవతల శరత్‌చంద్ర, ఆయన పక్కన మధ్యవయసు ఆవిడ, ఇద్దరూ రాడ్లు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. వాళ్లంత ప్రశాంతంగా ఉన్న హంతకుల్ని నేను చూడలేదు.

అచ్యుతరామారావుగారి మారువేషం: గళ్ల లుంగీ, తలకి తువ్వాలు, నల్ల కళ్లద్దాలు, కాళ్లకి తెల్ల మేజోళ్లతో బూట్లు. చేతిలో కొత్త రాడ్, రత్తయ్య ఇచ్చిన నల్ల రీలు, చివర లీడర్ ముక్కకి కట్టిన రబ్బరు కప్ప.

"లక్ష్మీకాంత్ గారు నేను ఈల వేశాకే రావాలి," అన్నారాయన.

లక్ష్మీకాంత్ గారు ఈలకోసం ఆగలేదు. నాలుగు కార్లు, పాతికమంది మనుషులు, ఇద్దరు ఫోన్ కెమెరాల వాళ్లు, వెనక జీపులో విసుగ్గా ఎస్సై. కొత్త ఖద్దరు చొక్కా వేసుకుని తిన్నగా గట్టెక్కి, అచ్యుతరామారావుగారికి కాస్త వెనక, ఓ పక్కగా, కాలవకి వీపు పెట్టి నిలబడ్డారు. లైవ్ మొదలైంది.

"ఈ గట్టు మీదే నా ప్రాణాలు తీయాలని కొందరు పన్నాగం పన్నారు. ప్రజల కోసం ప్రాణాలైనా..."

అచ్యుతరామారావుగారు అనుమానం రాకూడదని అప్పుడే గాలం విసిరారు. రాడ్ వెనక్కి వెళ్లింది. రబ్బరు కప్ప కొక్కేలు లక్ష్మీకాంత్ గారి చొక్కా వీపున, భుజం దగ్గర, దిగబడ్డాయి. రాడ్ ముందుకు వచ్చింది. రత్తయ్య దారం మంచిది, తెగలేదు.

"...ఇస్తాను!" అంటూ ప్రజానాయకుడు వెల్లకిలా జారి, తడి గట్టు మీదనుంచి కాలవలోకి వెళ్లిపోయారు.

నడుము లోతే ఉంది. కానీ ఆయన గుర్రపుడెక్కలో చిక్కుకుని కొట్టుకోసాగారు. రీలు కర్‌ర్‌ర్ మంది. అచ్యుతరామారావుగారు కంగారులో వదిలెయ్యడం మాని చుట్టడం మొదలెట్టారు. లక్ష్మీకాంత్ గారు ఒకసారి గట్టుకి, ఒకసారి కాలవ మధ్యకి వెళ్తున్నారు.

అవతలనుంచి శరత్‌చంద్ర పరిగెత్తుకొచ్చాడు. "డ్రాగ్ వదలండి సార్! చుట్టకండి! బెయిల్ తెరవండి, బెయిల్!" అచ్యుతరామారావుగారు బిగుసుకుపోయి చూస్తున్నారు. శరత్‌చంద్ర వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "హెలెన్ గారూ, త్వరగా రండి! లీడర్‌ని కోసేయండి! ముందు లీడర్‌ని కోసేయండి!"

రెండు కెమెరాలూ అతనివైపు తిరిగాయి. ఆ వెనకే హెలెన్ గారు చేతిలో చిన్న కత్తెరతో పరిగెత్తుకొస్తున్నారు.

"పట్టుకోండి!" అని అచ్యుతరామారావుగారు కేకవేశారు. "హంతకుడు తన నోటితోనే ఒప్పుకున్నాడు! అదుగో ఆయుధం!"

నలుగురు కార్యకర్తలు శరత్‌చంద్ర మీద పడ్డారు. ఒకడు చెంప మీద కొట్టాడు. ఎస్సై వాళ్లని తోసి, అతని కాలర్ పట్టుకున్నాడు.

"నేను... నేను బ్యాంకులో పనిచేస్తానండీ," అన్నాడు శరత్‌చంద్ర. చెంప ఎర్రబడింది. ఉద్యోగం, ఇల్లు, పరువు అన్నీ ఒకేసారి కళ్లముందు తిరిగినట్టున్నాయి, చేతులు జోడించాడు. "దండం పెడతాను, ఆ వీడియో ఆపమనండి."

నా కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి. "ఆయన తప్పేం లేదండీ. లీడర్ అంటే దారం. రాడ్, రీలు, డ్రాగ్ అన్నీ చేపల సరంజామా. నాకు తెలుసు."

ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్నటి నుంచండీ."

"తెలిసినవాళ్లు నిన్నట్నుంచి ఏం చేస్తున్నారు?"

భోంచేసి పడుకున్నానని పైకి అనలేక తల దించుకున్నాను.

"కట్టుకథ!" అన్నారు అచ్యుతరామారావుగారు. "దారమే అయితే పెద్దాయన ఎవరు? అడగండి ఎస్సైగారూ, పెద్దాయన ఎవరో అడగండి!"

"ఎవరయ్యా పెద్దాయన?" అన్నాడు ఎస్సై.

లక్ష్మీకాంత్ గారు అప్పటికే గుర్రపుడెక్కనంతా కలియతొక్కేశారు. ఆయన మోకాళ్ల దగ్గర నీళ్లు ఒక్కసారిగా ఉబికాయి. తొడంత లావున్న కొర్రమీను, నల్లగా నిగనిగలాడుతూ, నీళ్లలోంచి మూరెడు పైకి లేచి, తోకతో ప్రజానాయకుడి చెంప మీద ఒక్కటిచ్చి, దబ్బున పడి మాయమైంది.

కాలర్ ఎస్సై చేతిలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయి శరత్‌చంద్ర ఎగిరి గంతేశాడు. "అడుగో! అడుగో పెద్దాయన!"

"ఇక్కడే ఉన్నాను బాబూ," అన్నారు లక్ష్మీకాంత్ గారు నీళ్లలోంచి. "త్వరగా తియ్యండి."

ఎస్సై నీళ్లవైపు చూశాడు. రాడ్‌కేసి చూశాడు. ఈలోగా హెలెన్ గారు నీళ్లలోకి దిగి, ప్రజానాయకుడి వీపు దగ్గర దారాన్ని కత్తెరతో తెంపి, ఆ గాజు ముక్కను ఎత్తి చూపించారు. "ఇదండీ లీడర్. కోసేశాను. ఇంకేమైనా కొయ్యాలా?"

ఎస్సై కాలర్ వదిలేశాడు. చొక్కా సరిచేసి, కాస్త తటపటాయించి అడిగాడు. "ఎన్ని కేజీలుంటుందండీ అది? మీరు ఏ రంగు కప్ప వేస్తున్నారు?"

కెమెరాల వాళ్లు సర్దుకోవడం మొదలెట్టారు. చేప ఎగిరినప్పుడు ఇద్దరూ శరత్‌చంద్ర మీదే పెట్టి ఉండడంవల్ల, అసలు నేరస్థుడు ఎవరి ఫోన్లోనూ పడలేదు. శరత్‌చంద్ర ఫోను మాత్రం మోగింది. పేరు చూడగానే అతని ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. కంగారుగా ఎత్తబోతే వేలు తగిలి స్పీకర్ నొక్కుకుంది.

"ఏమండీ," అంది శాంభవి. "ఆడిట్ ఎలా జరుగుతోంది?"

"శాంభవీ, అదీ..."

"ఆదివారాలు ఆడిట్ అన్నారు ఏడాది నుంచి. లైవ్‌లో చూశాను మీ ఆడిట్. పక్కన ఆవిడెవరు? ఫోను ఆవిడకివ్వండి."

హెలెన్ గారు తడి చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని ఫోను అందుకున్నారు. "నమస్కారమమ్మా. నేను ఆస్పత్రిలో నర్సుని, మాది ఇక్కడే పక్క ఊరు. మీ ఆయన మా బ్యాంకులో సార్. మీరు అనుమానపడొద్దు. ఈయన ఏడాదిలో మూడు రీళ్లు, రెండు రాడ్లు మార్చారు గానీ, ఇప్పటిదాకా ఒక్క చేప పట్టలేదు. చంపలేదు, తినలేదు, అసలు ముట్టుకోలేదు. మీ మడికేం ఢోకా లేదు."

అవతల సన్నగా మొదలై, ఆగకుండా నవ్వు వినబడింది. "ఒక్కటి కూడానా? ఏడాదికి?"

"ఒక్కటి కూడా లేదమ్మా."

"చెంప మీద ఎవడో కొట్టాడు కదండీ, నొప్పిగా ఉందేమో చూడండి. అయ్యాక ఇంటికి పంపండి, మిగతాది నేను చూసుకుంటాను." ఫోను పెట్టేసింది. శరత్‌చంద్ర గట్టు మీద కూలబడి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా ముఖం మోచేతుల్లో దాచుకున్నాడు. అతని పక్కన కూర్చుని క్షమించమన్నాను. అతను తలూపాడు. క్షమించాడో, విన్నాననే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కార్యకర్తలు ప్లాంటు ప్రారంభోత్సవంలో టిఫిన్లున్నాయని వెళ్లిపోయారు. తడి ఖద్దరు చొక్కాతోనే కూర్చున్న లక్ష్మీకాంత్ గారి భుజం నుంచి హెలెన్ గారు కొక్కెం తీస్తున్నారు.

"కదలకండి. చిన్న గాయమే. టీటీ ఇంజక్షన్ చేయించుకోండి."

"అమ్మా," అన్నారాయన నెమ్మదిగా. "నిజం చెప్పు. నన్ను చంపాలని మీలో ఎవరూ అనుకోలేదా? ఒక్కసారి కూడా?"

"అయ్యో, లేదండీ. అసలు మీరెవరో కూడా మాకు తెలీదు."

ఆ మాటకి ఆయన భుజాలు కుంగినంతగా కొక్కేనికి కూడా కుంగలేదు. హెలెన్ గారికి జాలేసింది. తన రాడ్ తీసి ఆయన చేతికిచ్చారు. వేలుతో దారం ఎలా ఆపాలో, బెయిల్ ఎలా తెరవాలో రెండు ముక్కల్లో చెప్పారు. లక్ష్మీకాంత్ గారు లేచి, చుట్టూ కెమెరాలున్నాయేమో అని అలవాటుగా చూసి, ఎవరూ లేరని తెలిసి, మెల్లగా విసిరారు. కప్ప గాల్లో చక్కగా వంగి, గుర్రపుడెక్క అంచున చప్పుడు లేకుండా వాలింది.

"అబ్బ!" అన్నాడు ఎస్సై. "మొదటిసారేనా?"

ఆయన నీళ్లవైపే చూస్తున్నారు.

అచ్యుతరామారావుగారు నా పక్కకొచ్చి, నోటుబుక్కులో వేగంగా ఏదో రాసుకుని, నాకు మాత్రమే కనబడేలా తిప్పారు. 'బాధితుడే ముఠా నాయకుడు. ఎస్సై కూడా వాళ్ల మనిషే.'

"చూశావా మరియదాసూ? నా ఊహే నిజమైంది. లీడర్ ఉన్నాడు. మనం వేరే కోణం నుంచి మొదలెట్టాం, అంతే. స్కూటర్ తియ్యి, దారిలో చెబుతాను."

స్కూటర్ తీశాను. ఆయన తువ్వాలు సరిచేసుకుని, నోటుబుక్కు జేబులో పెట్టుకుని, లుంగీ ఎగ్గట్టేలోపు గేరు మార్చాను. పామర్రు సెంటరు దాటేటప్పుడు నా వెనక సీటు ఖాళీగా ఉంది. బండి ఇంత తేలిగ్గా నడుస్తుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.